కనబడని శ్రామికుడు

ఓరుగల్లు సీమలో పాలకుర్తి యను గ్రామము కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన యీ గ్రామము 2016వ సంవత్సరము నుండి జనగామ జిల్లాలో చేరియున్నది. బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని ఊరుగా దీనికి ప్రసిద్ధి. భాగవతమును తెనిగించిన పోతన పేరుతో ముడిపడిన బమ్మెర గ్రామము దీనికి సమీపముననే యున్నది. పాలకుర్తి చెంత నొక కొండ. ఆ కొండ గుహలలో సోమేశ్వరస్వామియు, లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. మహాశివరాత్రి వచ్చినదనగా చుట్టుప్రక్కల పల్లెల జనులు తండోపతండములుగా వచ్చి ఆ కొండ నెక్కుదురు.

కొండ యెక్కువారిని కొంతసేపు గమనించినచో ఒక విషయము తెలియును. బాలురు పందెము వేసికొని పరుగున ఎక్కి, పైకి చేరగనే నోరు తెరచి రొప్పుదురు. చంకలో బిడ్డనెత్తుకొన్న తల్లి నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి పీల్చుకొనును. వృద్ధుడు చేతికఱ్ఱపై బరువుంచి, రొమ్ముపై చేయి వేసికొని, ఆయాసము తీరువరకు నిలుచును. కాళ్ళు నొప్పియని యొకరు, గుండె దడయని యొకరు చెప్పుదురు. కాని ఆ సమయమున అందరికంటె అధికముగా పాటుపడుచున్న శ్రామికుని పేరు మాత్రము ఒక్కరును తలపరు. ఆ శ్రామికుడు కనబడడు. పుట్టిన క్షణమున పని మొదలుపెట్టి, నిద్రలోగూడ విశ్రమింపక, తుదిశ్వాస వరకు పాటుపడుటయే అతని వ్రతము.

రొమ్మునకును పొట్టకును నడుమ, ప్రక్కటెముకల చాటున, గొడుగువలె పైకి ఉబ్బియున్న పలుచని కండర మొకటి కలదు. దానికి ఉదరవితానమని పేరు. వితానమనగా మేలుకట్టు. పొట్టలోని అవయవములకు మేలుకట్టువలె నుండుటచే దాని కాపేరు కలిగినది. ఆంగ్లమున దీనిని డయాఫ్రం అందురు. పైన ఊపిరితిత్తులును గుండెయు, క్రింద కాలేయము, జీర్ణకోశము, ప్లీహము నుండగా, ఈ రెండు భాగములను వేరుచేయుచు ఇది నిలిచియున్నది.

ఊపిరితిత్తులు తమంత తాము విచ్చుకొనజాలవు. కమ్మరి కొలిమివద్ద తిత్తి యెట్లు పనిచేయునో చూచినవారికి శ్వాసక్రియ సులభముగా బోధపడును. తిత్తి పైపలకను ఎత్తగనే లోపల చోటు పెరిగి గాలి చొచ్చుకొనివచ్చును. అట్లే ఉదరవితానము బిగిసినప్పుడు దాని ఉబ్బు తగ్గి అది క్రిందికి దిగును. రొమ్ములో చోటు పెరుగును. ఊపిరితిత్తులు విచ్చుకొని గాలి లోనికి వచ్చును. కండరము సడలగనే అది తిరిగి పైకి లేచును. గాలి వెలికి పోవును. ప్రక్కటెముకల నడుమనున్న కండరములును, మెడకండరములును అవసరమునుబట్టి దీనికి తోడ్పడును. కాని నెమ్మదిగా శ్వాసించువేళ పనిలో పెద్దపాలు ఉదరవితానముదే.

ఆరోగ్యవంతుడు ఊరకున్నప్పుడు నిమిషమునకు 12 మొదలు 20 మార్లు శ్వాసించును. నిమిషమునకు 16 మార్లని లెక్కించినచో దినమునకు 23,040 శ్వాసలగును. ఒక్కొక్క శ్వాసలో సుమారు అరలీటరు గాలి లోనికి వచ్చును. అనగా దినమున కించుమించు 11,500 లీటర్ల గాలిని ఈ కండరము తోడి పోయుచున్నదన్నమాట. ఒగ్గుకథ చెప్పువాడు గుక్క తిప్పుకొనక దీర్ఘమైన వరుసను పాడినను, నాట్లు వేయు స్త్రీలు వంగి పని చేయుచునే పాట నందుకొన్నను, దాని వెనుక నున్నది ఈ కండరపు బలమే.

ఇంతటి శ్రామికునికి ఆజ్ఞలు మెడనుండి వచ్చును. మెడభాగమున వెన్నుపామునుండి వెలువడు మూడవ, నాలుగవ, ఐదవ నాడుల పాయలు కలిసి, కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి చొప్పున రెండు నాడులుగా దిగి ఉదరవితానమును చేరును. ఆ నాడులు తెగినను, వానికిని కండరమునకును గల సంబంధము చెడినను కండరము కదలదు. అప్పుడేమగును?

పాలకుర్తి వంటి పల్లెలలో ఈ ప్రశ్న పుస్తకమునకు మాత్రమే సంబంధించినది కాదు. పంట చేతికివచ్చు దినములలో రైతు కావలికై పొలముననే పరుండును. పేదయిండ్లలో అనేకులు నేలపై చాప పరచుకొని నిద్రింతురు. కట్లపాము రాత్రివేళ సంచరించును. దాని కాటుచోట పెద్దగా నొప్పిగాని వాపుగాని యుండకపోవచ్చును. నిద్రించుచున్నవానికి కాటు పడినట్లే తెలియకపోవచ్చును. కొంతసేపటికి కనురెప్పలు వాలిపోవును. మాట ముద్దయగును. గ్రుక్కెడు నీరు మ్రింగుట కష్టమగును. విషము నాడికొనలను చెరచుటచే మెదడు పంపు ఆజ్ఞ కండరములకు చేరదు. క్రమముగా శ్వాసకండరములును చచ్చుబడును. గుండె కొట్టుకొనుచునే యుండును. తెలివియు కొంతవరకు నిలిచియుండవచ్చును. ఊపిరి మాత్రము ఆడదు.

అట్టి రోగిని సకాలమున వైద్యశాలకు చేర్చినచో వైద్యులు విషమునకు విరుగుడు మందు నిత్తురు. కాని కట్లపాము విషము ఒకమారు నాడికొనలను చెరచిన పిదప మందువలన అవి తత్‌క్షణమే బాగుపడవు. అవి తిరిగి చిగుర్చుటకు దినములు పట్టవచ్చును. అంతవరకు రోగికి మారుగా శ్వాసించునది వెంటిలేటరు అను కృత్రిమశ్వాసయంత్రము. అది గొట్టముద్వారా గాలిని ఊపిరితిత్తులలోనికి పంపును.

ఇచట వైద్యునికొక కఠినసమస్య ఎదురగును. యంత్రమును ఎప్పుడు తొలగింపవలెను? త్వరపడి తొలగించినచో బలము చాలని కండరము అలసిపోయి రోగి ప్రాణాపాయమున పడును. జాగుచేసినచో మరియొక కీడు. గొట్టము ఉన్నన్ని దినములు ఊపిరితిత్తులలో రోగము చేరు భయముండును. అంతియేగాక పనిలేని కండరము క్షీణించును. 2008వ సంవత్సరమున అమెరికా వైద్యులు ప్రకటించిన యొక పరిశోధనలో ఈ సంగతి స్పష్టమైనది. మెదడు పూర్తిగా నశించి, యంత్రముపై 18 మొదలు 69 గంటలవరకు ఉంచబడిన అవయవదాతల ఉదరవితానములను వారు పరీక్షించిరి. ఏమాత్రము పని లేకపోయిన ఆ కొద్ది కాలములోనే కండరపు పోగుల లావు సగమునకు పైగా తగ్గిపోయినట్లు తేలినది. సాయము తక్కువైనను కీడే. సాయము మితిమీరినను కీడే. ఎంత సాయము కావలయునో తెలియవలెనన్నచో ఆ కండరము స్వయముగా ఎంత పని చేయుచున్నదో కొలువవలెను.

కాని ఎముకల చాటున దాగిన కండరమును కొలుచుట యెట్లు? వైద్యులు పూర్వము రోగి పొట్టపై చేయి ఉంచి, అది పైకి లేచుచున్నదా, లోనికి పోవుచున్నదా యని పరిశీలించెడివారు. 1895లో రాంట్జెన్ ఎక్సుకిరణములను కనుగొనిన పిదప ఉదరవితానపు నీడను తెరపై చూచుటకు వీలుకలిగినది. కాని ఆ కిరణములను మాటిమాటికి ప్రయోగించుట మంచిది కాదు. అదియునుగాక, యంత్రముపైనున్న రోగిని ఆ గదికి మోసికొనిపోవుట ప్రమాదకరము. ముక్కుద్వారా బుడగలు గల సన్నని గొట్టమును జీర్ణకోశమువరకు దింపి, ఉదరవితానమునకు పైనను క్రిందను గల ఒత్తిడిని కొలుచు పద్ధతి మరియొకటి కలదు. అది కచ్చితమైనదే కాని రోగికి మిక్కిలి కష్టము. రోగి మంచమువద్దనే, నొప్పి లేకుండ, కోరినన్నిమార్లు చేయదగిన పరీక్ష యొకటి కావలసివచ్చెను. ఆ లోటును ధ్వని తీర్చినది.

మనుష్యుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 కంపనముల వరకు గల ధ్వనులను వినగలదు. అంతకు మించిన కంపనములు గల ధ్వనికి అతిధ్వని యని పేరు. అది మనుష్యునికి వినబడదు, గబ్బిలమునకు వినబడును. 1793వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశస్థుడగు స్పలంజాని అను శాస్త్రజ్ఞుడు, చూపులేని గబ్బిలములుగూడ చీకటిలో అడ్డములను తప్పించుకొని యెగురుట గమనించెను. వాని చెవులు మూసినచో మాత్రము అవి తడబడునని స్విట్జర్లాండు దేశమున జ్యూరీన్ అను వైద్యుడు కనుగొనెను. గబ్బిలము చెవితో చూచుచున్నదన్న మాటను ఆనాటివారు నమ్మజాలకపోయిరి. 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్స్ అనువారు గబ్బిలములు అతిధ్వనులు చేయుచున్నవని యంత్రముచే పట్టి చూపిన పిమ్మట రహస్యము వీడినది. తాను చేసిన ధ్వని అడ్డమునకు తాకి తిరిగి వచ్చుటనుబట్టి గబ్బిలము ఆ అడ్డము ఎంతదూరమున నున్నదో గ్రహించును.

అతిధ్వనిని మనుష్యుడు తానై పుట్టించుటకు స్ఫటికములు తోడ్పడినవి. 1880లో ఫ్రాన్సు దేశమున ప్యేర్ క్యూరీ, జాక్ క్యూరీ అను సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిపై విద్యుత్తు జనించునని కనుగొనిరి. విద్యుత్తును ప్రయోగించినచో అవి ముడుచుకొని విచ్చుకొనునని మరుసటి సంవత్సరమే రుజువైనది. అనగా ఒకే స్ఫటికము నోరుగాను చెవిగాను పనిచేయగలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజ్‌వాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ గుణము నాధారముగా చేసికొని సముద్రములో జలాంతర్గాములను కనిపెట్టు ఉపాయమును సాధించెను.

తెలుగునాటను అతిధ్వని శాస్త్రమునకు ఆదరము లభించినది. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన ఆచార్య సూరి భగవంతము వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రమును బోధించుచు, ఆచార్య బి. రామచంద్రరావుతో కలిసి, మిక్కిలి అధికమైన కంపనములు గల అతిధ్వని తరంగములు కాంతిని వంచు తీరును పరిశోధించెను. అటుపిమ్మట భగవంతము 1952 నుండి 1957 వరకు హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. వారి పరిశోధన వైద్యమును ఉద్దేశించి చేసినది కాదు. అయినను వినబడని ధ్వనియొక్క నడకను తెలిసికొనుటకు దేశదేశముల పండితులు చేసిన కృషిలో అదియు నొక భాగము.

వైద్యరంగమున గొప్ప ముందడుగు 1953లో స్వీడను దేశమున పడినది. ఎడ్లర్ అను వైద్యుడును, హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును లుండ్ నగరమున అతిధ్వనితో గుండె కదలికను గుర్తించిరి. కదలు భాగము ఏ క్షణమున ఎంతలోతున నున్నదో కాలముననుసరించి గీతగా గీయుట వారి పద్ధతి. 1958లో స్కాట్లండున గ్లాస్గో నగరమందలి ఇయాన్ డొనాల్డ్, అతని సహచరులు పొట్టలోని గడ్డలను అతిధ్వనితో చిత్రించి చూపిరి. గుండె కదలికను గీసిన ఉపాయము ఉదరవితానమునకును పనికివచ్చినది. 1975లో అమెరికా వైద్యులు దాని కదలికను ఈ పద్ధతిని పరీక్షించి ప్రకటించిరి. దాని మందమును కొలుచు పద్ధతి 1989లో వెలువడినది.

పరీక్ష జరుగు తీరు సులభముగా తెలిసికొనవచ్చును. స్ఫటికములు గల చేతిపరికరమును ప్రోబు అందురు. చర్మమునకును ప్రోబునకును నడుమ గాలి యున్నచో ధ్వని లోనికి పోదు; కావున చల్లని జెల్లు పూయుదురు. ప్రోబు సెకనునకు పదుల లక్షల కంపనములు గల ధ్వనిని చిన్నచిన్న తునుకలుగా లోనికి పంపి, వాని ప్రతిధ్వనికై చెవియొగ్గి యుండును. శరీరములోని మెత్తని భాగములలో ధ్వని సెకనునకు సుమారు 1,540 మీటర్లు పోవును. పంపిన ధ్వని సెకనులో పదివేలవ వంతు కాలమున తిరిగి వచ్చినదనుకొనుడు. అది పోయివచ్చిన దూరము 15.4 సెంటీమీటర్లు. కనుక దానిని తిప్పిపంపిన భాగము అందులో సగము, అనగా 7.7 సెంటీమీటర్ల లోతున నున్నది. ఈ చిన్న లెక్కనే యంత్రము రెప్పపాటులో వేలమార్లు చేసి తెరపై బొమ్మను నిర్మించును.

ఉదరవితానమును కొలుచుటకు రెండు మార్గములు కలవు. మొదటిది కదలికను కొలుచుట. కుడివైపున ప్రక్కటెముకల దిగువ ప్రోబునుంచి పైకి చూచినచో, కాలేయమునకు పైన తెల్లని వంపుగీతవలె ఉదరవితానము కనబడును. కాలేయము ధ్వనిని చక్కగా పోనిచ్చును గనుక కుడివైపున చూచుట సులువు. ఎడమవైపున జీర్ణకోశములోని గాలి అడ్డుపడును. ప్లీహము కిటికీవంటిది కాని చిన్నది. ఊపిరి పీల్చినపుడు తెల్లనిగీత ప్రోబువైపు దిగివచ్చును. విడిచినపుడు దూరముగా తొలగును. కాలముననుసరించి దానిని గీసినచో తెరపై అలలు ఏర్పడును. అల యెత్తే కదలిక కొలత. ఫ్రాన్సు దేశపు వైద్యులు 210 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2009లో ప్రకటించిన లెక్కలనుబట్టి, నెమ్మదిగా శ్వాసించునపుడు కదలిక పురుషులలో సగటున 1.8, స్త్రీలలో 1.6 సెంటీమీటర్లు. గట్టిగా ఊపిరి పీల్చినపుడు పురుషులలో సుమారు 7, స్త్రీలలో 5.7 సెంటీమీటర్లు. కండరము చచ్చుబడినచో ఎగబీల్చినపుడు అది క్రిందికి దిగుటకు మారుగా పైకి పోవును. అదియే దాని ఓటమికి గురుతు.

రెండవ మార్గము మందమును కొలుచుట. రొమ్ము ప్రక్కభాగమున, ఎనిమిదవ లేక తొమ్మిదవ ప్రక్కటెముక దిగువ, ఉదరవితానము ఎముకలకు ఆనుకొని యుండును. అచట ప్రోబు నుంచినచో రెండు తెల్లని గీతల నడుమ నల్లని సన్నపట్టీవలె కండరము కనబడును. ఊపిరి విడిచినపుడు దాని మందము సామాన్యముగా 2 మొదలు 3 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. చేయి మడచి బిగించినపుడు భుజకండరము లావగునట్లు, ఊపిరి పీల్చునపుడు ఈ పట్టీయు లావగును. విడిచినపుడు 2 మిల్లీమీటర్లుండి, పీల్చినపుడు 2.8 మిల్లీమీటర్లైనచో, పెరుగుదల 0.8, అనగా నూటికి 40 పాళ్ళు. గట్టిగా పీల్చినను పెరుగుదల నూటికి 20 పాళ్ళకు తక్కువైనచో కండరము చచ్చుబడినదని శంకింపవలెను.

రెండు మార్గములెందుకను ప్రశ్న కలుగవచ్చును. యంత్రము గాలిని లోనికి త్రోయుచున్నపుడు ఆ ఒత్తిడికే ఉదరవితానము క్రిందికి దిగును. కదలికను మాత్రమే చూచినవాడు కండరము పనిచేయుచున్నదని భ్రమపడును. ఎడ్లు బండిని లాగుచుండగా వెనుక చేయి ఆనించి నడచువాడు తానే బండిని త్రోయుచున్నానని చెప్పవచ్చును. వాని చేతికండరము బిగిసినదో లేదో చూచినగాని నిజము తెలియదు. అట్లే మందము పెరిగినపుడే ఉదరవితానము స్వయముగా శ్రమించినట్లు. కదలికను కొలువవలెనన్నచో రోగిని యంత్రసాయము లేకుండ కొంతసేపు శ్వాసింపనిచ్చి చూడవలెను.

కట్లపాము కాటునకు గురియైన రైతు యొకడు యంత్రముపై నున్నాడని భావింపుడు. తొలిదినమున వైద్యుడు ప్రోబు నుంచి చూడగా పట్టీ ఏమాత్రము లావగుట లేదు. మరునాడును అంతే. ఇంటివారు వసారాలో కూర్చుండి, మనిషి దక్కునా దక్కడా యని ఎదురుచూచుచుందురు. మూడవదినమునకో, నాలుగవదినమునకో, తెరపై నల్లనిపట్టీ కొంచెముగా బిగియును. రోగి కన్నులు తెరువలేకపోవచ్చును; మాటాడుటకు గొట్టము అడ్డము. కాని లోపలి శ్రామికుడు తిరిగి పనిలోనికి వచ్చినట్లు ఆ పట్టీ తెలుపును. అప్పటినుండి వైద్యుడు యంత్రసాయమును కొంచెముకొంచెముగా తగ్గించుచు, కండరమునకు దాని పాలు పనిని అప్పగించును. పెరుగుదల నూటికి 30 పాళ్ళు దాటినపుడు, తోడులేక శ్వాసించునపుడు కదలిక ఒక సెంటీమీటరునకు మించినపుడు, యంత్రమును తొలగించుటకు తరుణము సమీపించినదని అనేక పరిశోధనలు సూచించుచున్నవి.

అయినను ఈ అంకెలే సర్వస్వము కావు. ప్రోబును పట్టిన చేయి రెండు వ్రేళ్ళంత ప్రక్కకు జరిగినను కొలత మారును. రోగి పరుండుటకును కూర్చుండుటకును తేడా వచ్చును. మిల్లీమీటరులో పదవ వంతు పొరపాటే ఫలితమును తారుమారు చేయగలదు. అందుచే నిపుణులు చర్మముపై గురుతు పెట్టుకొని అదేచోట అనేకమార్లు కొలిచి సగటును తీసికొందురు. రోగి దగ్గగలుగుచున్నాడా, తెలివిగా నున్నాడా, రక్తములో ప్రాణవాయువు చాలినంత యున్నదా యను సంగతులను గూడ విచారింతురు. యంత్రము కొలత నిచ్చును. నిర్ణయము వైద్యుని వివేకమునకు చెందినది.

పాముకాటు ఒక్కటియే కాదు. గుండెకు శస్త్రచికిత్స జరిగినపుడు ఉదరవితానపు నాడికి దెబ్బ తగిలినదేమోయని అనుమానము కలిగిన శిశువులకు ఈ పరీక్ష వరము. వారికి కిరణములు తగులవు, నొప్పి యుండదు. పురుగులమందు విషము సోకి శ్వాసకండరములు బలహీనపడినవారికిని, నాడీవ్యాధులచే కాళ్ళుచేతులు పడిపోయినవారికిని ఇది ఉపకరించును. ఏండ్ల తరబడి బీడీలు, చుట్టలు త్రాగినవారి ఊపిరితిత్తులలోను, పొగ గ్రమ్మిన వంటింట జీవితము గడపిన స్త్రీల ఊపిరితిత్తులలోను గాలి చిక్కుకొని యుండవచ్చును. అట్టివారి ఊపిరితిత్తులు ఉబ్బి ఉదరవితానమును క్రిందికి అణచివేయును. గొడుగువలె నుండవలసినది పళ్ళెమువలె పరచుకొనును. ఇక క్రిందికి దిగుటకు చోటేది? కొండ యెక్కువేళ వారు నాలుగడుగులకే ఆగిపోవుటకు ఇదియు నొక కారణము.

ఇంత తెలిసిన పిమ్మట ఆచరింపవలసినది కొంత కలదు. పల్లెలలో మంచముపై పరుండుట, దోమతెర కట్టి దాని అంచులను పరుపు క్రిందికి దోపుట, రాత్రివేళ దీపము లేక పొలమునకు పోకుండుట కట్లపాము కాటును చాలవరకు నివారించును. కాటు పడినట్లు అనుమానము కలిగినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించుట తగదు. మంత్రములకై కాలము పుచ్చరాదు. రోగిని కదలనీయక, ధైర్యము చెప్పుచు, వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. వరంగల్లు నగరమున 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్యకళాశాలయు, మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలయు కలవు. విషము ఉదరవితానమును చేరువరకు దొరకు కొద్దిగంటలే రోగికి దక్కిన అదృష్టము. ఆ గంటలను వ్యర్థము చేసినచో ఎంత గొప్ప యంత్రమును ప్రయోజనపడదు.

లోకమున మన మెరుగని శ్రామికులెందరో కలరు. వారు పని మానిన దినమునగాని వారి విలువ తెలియదు. ఉదరవితానము అట్టిది. అది మానినచో విలువ తెలిసికొనుటకు వ్యవధి యుండదు. గబ్బిలము చీకటిలో దారి వెదకుకొన్న ఉపాయమును నేర్చుకొని, మనుష్యుడు చీకటిలో పనిచేయు ఆ కండరపు శ్రమను మిల్లీమీటర్లలో కొలువగలిగినాడు. కొలిచినందువలననే దానికి అక్కరయైనంత సాయము చేసి, అక్కర తీరగనే చేయి తీయగలుగుచున్నాడు.

శివరాత్రినాడు పాలకుర్తి కొండ యెక్కిన వృద్ధుడు పైకి చేరి, నీడన కూర్చుండి, నెమ్మదిగా ఊపిరి పీల్చి విడుచును. ఆయాసము తీరును. అతడు లేచి దర్శనమునకు నడచును. ఆ నడకతోపాటు లోపలి మేలుకట్టు దిగుచు, లేచుచు, తన పని తాను చేసికొనిపోవుచునే యుండును.

ప్రశ్నలు

1. ఉదరవితానమున కాపేరు ఎట్లు వచ్చినది? శ్వాసక్రియలో దాని పని యేమి?
2. కట్లపాము కాటు పడినవాడు శ్వాసింపలేకపోవుటకు కారణమేమి?
3. ప్రతిధ్వని సెకనులో ఇరువదివేలవ వంతు కాలమున తిరిగి వచ్చినచో, దానిని తిప్పిపంపిన భాగము ఎంతలోతున నుండును?
4. యంత్రముపైనున్న రోగి విషయమున కదలికను మాత్రమే కొలిచిన చాలదనుటకు కారణమేమి? పాఠములోని ఉపమానమును వివరింపుడు.
5. “సాయము తక్కువైనను కీడే, సాయము మితిమీరినను కీడే.” ఈ వాక్యమును పాఠము నాధారముగా సమర్థింపుడు.